మిణుకుమనే పసుపు బాణం

డులూత్‌లో వీధులు సరస్సులోకి దూకబోయి
ఆఖరి నిమిషంలో ఆగిపోయినట్టుంటాయి.
అలాంటి ఒక వాలు మీద, పాత బేకరీ మలుపులో
అక్టోబరులో నేనే బిగించాను దాన్ని:
ఎడమకు తిరిగేవాళ్ళ కోసం
మిణుకు మిణుకుమనే పసుపు బాణం.

ఎదురుగా ఎవరూ రాకపోతే వెళ్ళు, అంటుందది.
వస్తే ఆగు.
ఎంత దూరంలో ఉంటే వస్తున్నట్టో
అది నువ్వే తేల్చుకో.

నా పని దీపాలు చూడటం, అభిప్రాయాలు కాదు.
అయినా నగర కార్యాలయం వాళ్ళు
ఒక క్లిప్పు అట్ట, కాగితాల బొత్తి చేతిలో పెట్టారు.
బాగుంది, బాగులేదు. రెండే గళ్ళు.
ఎర్రదీపం పడ్డప్పుడల్లా వెళ్ళి కారు అద్దం తట్టాలి,
నలభై సెకన్లలో ఒక మనిషి మనసు కనుక్కోవాలి.

ఇసుక లారీ లేహ్టినెన్ అద్దం రెండంగుళాలే దించాడు.
"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.
కదలకపోతే వెనకవాడి హారన్,
కదిలితే ఎదుటివాడి హారన్.
ఏ గడిలో రాసుకుంటావో రాసుకో."

స్కూలు బస్సు నడిపే డారిన్ తల తిప్పలేదు.
నికార్సైన పచ్చబాణం పడేదాకా
భూమి బద్దలైనా కదలనంది.
లోపల పిల్లలు మిణుకులు లెక్కపెడుతున్నారు గట్టిగా,
ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది,
ఒకడు తప్పాడు, మళ్ళీ ఒకటి నుంచి.

"మొగదిషులో మేం చూపులతోనే దాటేవాళ్ళం,"
అన్నాడు టాక్సీ వర్సామే,
"ఇన్నాళ్ళకి మీ దీపానికి మా పద్ధతి అబ్బింది.
కానీ ఇక్కడ ఎదుటి అద్దం వెనక
మొహం కనిపించి చావదే!"

తర్వాతి కుర్రాడు శాండ్‌విచ్ నములుతూ
"ఏ బాణం?" అన్నాడు.

చివరికి ఆవిడ. మార్లిస్ ఎంగెబ్రెట్సన్,
పేరు రాసుకోమని తనే అక్షరం అక్షరం చెప్పింది.
చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుని,
ఇంట్లో కూర్చున్నంత తీరిగ్గా మొదలుపెట్టింది.
"తొంభై ఒకటిలో, ఇదిగో ఇక్కడే,
గుండ్రటి పచ్చదీపం వెలిగింది.
మా అక్క అది తనదే అనుకుంది.
ఎదురుగా కలప లారీవాడికీ అదే పచ్చ,
వాడూ తనదే అనుకున్నాడు.
కోర్టులో ఆ దీపం తప్పు పట్టినవాడు లేడు.
ఈ బాణానికి కాస్త సిగ్గుందయ్యా,
తెలియనిది తెలియదంటోంది."

దీపం మారింది. వెనక ఎవరో హారన్ నొక్కిపట్టారు.
ఆవిడ తొడుగులు ఒక్కొక్క వేలే సర్దుకుని,
చెయ్యెత్తి చూపించి, వెళ్ళింది. ఎడమకే.
నేను గళ్ళ పక్కన, అంచులో,
"సిగ్గుంది" అని రాశాను.
ఆఫీసులో దాన్ని నా సంతకం అనుకున్నారు.

డిసెంబరులో పడింది అసలైన మంచు.
పాత బల్బులు కరెంటు తాగేవి, నిజమే,
కానీ వాటి వేడికి వాటి మొహం మీది మంచు
అవే కరిగించుకునేవి.
కొత్తవి పొదుపరులు. ఒంట్లో వేడి లేదు.
తెల్లారేసరికి నాలుగు దిక్కులా
కళ్ళు మూసుకుపోయి వేలాడుతున్నాయి.

చీపురు పట్టుకుని బకెట్ లారీలో పైకి లేచాను.
కింద అన్నీ ఆగి ఉన్నాయి.
వైపర్ల వెనక నుంచి ఒక చెయ్యి, నువ్వెళ్ళు,
ఇంకో చెయ్యి, లేదు నువ్వే,
ఒక ట్రక్కు వాలు మీద కొంచెం జారి, క్షమించమన్నట్టు ఆగి,
అలా ఒకటి తర్వాత ఒకటి
ఏ తొందరా లేకుండా సాగుతున్నాయి.
చీపురు చంకలో పెట్టుకుని
చూడాల్సిన దానికన్నా ఎక్కువసేపే చూశాను.

తర్వాత దులిపాను.
బాణం మిణుకుమంది.
అంతే, కింద మొదటి హారన్.

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతున్నా:
సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు
ఆ మలుపు నేరుగా దాటేసి
మూడుసార్లు కుడికి తిరుగుతాను.